సంతకాలకు ముందే అడగాలి

ఆ సభలో గోడకు అతికించిన మ్యాపు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. మనిషెత్తు కాగితం. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక ఎర్ర గీత. ఊళ్ళ పేర్లు చీమల బారులా సన్నగా ఉన్నాయి. అరవై దాటిన ఒకావిడ దాని ముందు చాలాసేపు నిలబడింది. గీత మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయింది. చివరికి పక్కనే ఉన్న కుర్ర ఇంజనీరును అడిగింది.

"బాబూ, మా ఇల్లు ఈ గీతకి ఏ పక్కన పడుతుంది?"

"ఈ స్కేల్లో ఇళ్ళు కనపడవమ్మా."

"మరి బావి?"

"బావులూ కనపడవమ్మా."

అతను మర్యాదగానే చెప్పాడు. అంత పొడుగు రోడ్డును ఒక్క కాగితం మీద చూపిస్తే ఇళ్ళూ బావులూ ఎలాగూ కనపడవు. కానీ ఆవిడ పని మానుకుని వచ్చిందే ఆ ఒక్క సంగతి తెలుసుకోవడానికి.

వేదిక వెనక బ్యానర్ మీద 'ప్రజాభిప్రాయ సేకరణ' అని రాసి ఉంది. కొత్తగా వేయబోయే టోల్ రోడ్డు గురించి అభిప్రాయాలు చెప్పమని పిలిచారు. గంటన్నర గడిచాక వెనక వరసలోంచి ఒకాయన లేచి, "సార్, కాంట్రాక్టు ఇచ్చేశారా, ఇంకా ఇవ్వాలా?" అని అడిగాడు. వేదిక మీదివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇచ్చేశారు. సంతకాలు కూడా అయిపోయాయి. "మరి మమ్మల్ని దేనికి పిలిచారండీ?" అన్నాడాయన.

ఆ ప్రశ్నకు ఆ రోజు జవాబు రాలేదు. ఇంటికొచ్చాక కూడా అది నన్ను వదల్లేదు. వేరే చోట్ల ఇలాంటి రోడ్లకు ఏం జరిగిందో వెతుక్కుని చదవడం అప్పుడే మొదలుపెట్టాను.

టోల్ రోడ్లకు నేను వ్యతిరేకిని కాను. రోడ్డు వాడుకునేవాళ్ళు దాని ఖర్చు పెట్టుకోవడంలో న్యాయం ఉందనే అనుకుంటాను. స్థానికులందరూ ఒప్పుకుంటేనే రోడ్డు వేయాలని కూడా నేను అనడం లేదు. నేను అడిగేది ఒక్కటే. కాంట్రాక్టు మీద సంతకాలు కాకముందే వాళ్ళను అడగాలి, ఆ కాంట్రాక్టులో ఏం రాయబోతున్నారో వాళ్ళకు చూపించి మరీ అడగాలి.

కాంట్రాక్టులో ఉండేది రోడ్డొక్కటే కాదు

మామూలు రోడ్డు వేశాక ఏదైనా తేడా వస్తే సరిదిద్దుకోవచ్చు. పక్కన ఇంకో దారి వేసుకోవచ్చు, మలుపు మార్చుకోవచ్చు. డబ్బు ఖర్చవుతుంది గానీ, చెయ్యొద్దని అడ్డుపడేవాళ్ళు ఉండరు. ప్రైవేటు పెట్టుబడితో వేసే టోల్ రోడ్డు అలా కాదు. అప్పిచ్చిన బ్యాంకులు, పెట్టుబడి పెట్టిన కంపెనీ ఇరవై ముప్ఫై ఏళ్ళ పాటు రోజుకు ఇన్ని బండ్లు వస్తాయన్న లెక్క మీద ఆధారపడి ఉంటాయి. ఆ బండ్లు పక్కదారి పట్టకుండా చూసుకోవడం వాళ్ళకు అవసరం. అందుకే చుట్టుపక్కల దారుల భవిష్యత్తు కూడా ఒప్పందంలోకి వచ్చి కూర్చుంటుంది.

దీనికి కాలిఫోర్నియాలో జరిగింది చూడండి. ఆరెంజ్ కౌంటీలో 91 నంబరు హైవే మధ్యలో ప్రైవేటు కంపెనీ వేసిన టోల్ లేన్లు 1995 డిసెంబరులో మొదలయ్యాయి. ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. టోల్ లేన్లకు అటూ ఇటూ ఒకటిన్నర మైళ్ళ లోపల 2030 దాకా ప్రభుత్వం పోటీగా రోడ్ల సామర్థ్యం పెంచకూడదు. అంటే పక్కనే ఉన్న, డబ్బు కట్టక్కర్లేని లేన్లు ఎంత కిక్కిరిసిపోయినా వెడల్పు చేయడానికి వీల్లేదు. రోజూ ఆ లేన్లలో ఇరుక్కుపోయే జనానికి ఈ సంగతి ముందే చెప్పి, మీకు సమ్మతమేనా అని అడిగి ఉంటే ఎంతమంది ఒప్పుకునేవారు? రాష్ట్ర రవాణా శాఖ అదనపు లేన్లు వేయబోతే కంపెనీ కోర్టుకెళ్ళింది. చివరికి 2003లో కౌంటీ రవాణా సంస్థ 20.75 కోట్ల డాలర్లు పెట్టి ఆ టోల్ లేన్లను కొనుక్కుని ఆ షరతును వదిలించుకుంది.

ఆ ఒక్క వాక్యం ముందే నలుగురి కంటా పడి ఉంటే ఏమయ్యేదో ఖచ్చితంగా చెప్పలేను. కానీ దాన్ని సమర్థించుకోవాల్సిన అవసరం మాత్రం పెట్టినవాళ్ళకు వచ్చి ఉండేది.

సిడ్నీలో ఇంకో రకంగా జరిగింది. నగరం నడిబొడ్డు కింద తవ్విన 2.1 కిలోమీటర్ల క్రాస్ సిటీ టన్నెల్ 2005 ఆగస్టులో తెరుచుకుంది. బండ్లను టన్నెల్ వైపు మళ్ళించేలా పైన ఉన్న వీధుల్లో కొన్ని మూసేశారు, కొన్ని ఇరుకు చేశారు. ఈ మార్పుల సంగతి ఒప్పందంలోనే ఉందని చాలామందికి టన్నెల్ తెరిచాకే తెలిసింది. జనం మండిపడ్డారు. టన్నెల్లోకి వెళ్ళకూడదని పట్టుబట్టినవాళ్ళూ ఉన్నారు. రోజుకు దాదాపు 90,000 బండ్లు వస్తాయని లెక్కేస్తే, వచ్చినవి అందులో మూడో వంతు చుట్టూనే తిరిగాయి. ప్రభుత్వం కొన్ని వీధుల మార్పులను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2006 డిసెంబరుకల్లా కంపెనీ దివాలా తీసి, అప్పులవాళ్ళ తరఫున నడిపే రిసీవర్ల చేతికి వెళ్ళిపోయింది. స్థానికులను పక్కన పెట్టడం వల్ల పెట్టుబడిదారుకైనా మేలు జరిగిందా అంటే అదీ లేదు.

ఈ అంచనాల గురించి ఒక మాట. స్టాండర్డ్ అండ్ పూర్స్ అనే రేటింగ్ సంస్థ 2005లో 104 టోల్ ప్రాజెక్టులను పరిశీలిస్తే, అసలు వచ్చిన ట్రాఫిక్ ముందు వేసిన అంచనాలో సగటున 77 శాతం దగ్గరే ఆగింది. నిపుణుల లెక్క కదా, మధ్యలో మనమెవరం అని నేనూ ఒకప్పుడు అనుకునేదాన్ని. ఈ అంకె చూశాక ఆ మొహమాటం పోయింది. ఎవరు ఏ దారిలో ఎందుకు వెళ్తారో ఆ దారుల్లో తిరిగేవాళ్ళకు తెలిసినంత బాగా కంప్యూటర్ మోడల్‌కు తెలియదు. టోల్ తప్పించుకోవడానికి లారీలు ఏ ఊళ్ళోంచి దూరి పోతాయో టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్ళను అడిగితే ఐదు నిమిషాల్లో చెబుతారు.

అండర్‌పాస్ ఎత్తు

ఆ సభలోనే ఇంకో సంగతి జరిగింది. ఒక ట్రాక్టరు డ్రైవరు లేచి, "అండర్‌పాస్ ఎత్తెంత పెడుతున్నారు సార్?" అన్నాడు. ఇంజనీరు కాగితాలు తిరగేసి ఒక అంకె చెప్పాడు. "అయితే కోత మిషన్ పట్టదండి. గడ్డి లోడు అసలే పట్టదు. పైగా మీరు చెప్పే చోటు పల్లం. వానలు పడితే అక్కడ నడుం లోతు నీళ్ళు నిలుస్తాయి. మా పొలాలు సగం అవతలే ఉన్నాయి. ఎటు తిరిగి వెళ్ళమంటారు?"

హాల్లో ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. అంతవరకూ జరిగినదంతా గోల. ఇది మాత్రం పని మాట. ఇంజనీరు కూడా దాన్ని వెంటనే పట్టుకున్నాడు. దగ్గరికొచ్చి, పెన్సిలు తీసి, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో మ్యాపు మీద గుర్తు పెట్టించుకున్నాడు. ఆ పల్లం అతని సర్వేలో లేదు, ఎండాకాలంలో కొలిచారట. తర్వాత గొంతు తగ్గించి అన్న మాట పక్కనే ఉన్న నాకూ వినపడింది. "ఇది ఆరు నెలల ముందు చెప్పి ఉంటే డిజైన్‌లోనే మార్చేవాళ్ళం. ఇప్పుడు మారిస్తే చేంజ్ ఆఫ్ స్కోప్, అంటే ఒప్పుకున్న పనిలో మార్పు అవుతుంది. కాంట్రాక్టరు అదనంగా అడుగుతాడు. పైనుంచి ఒప్పుకోరు."

ఆరు నెలల ముందు ఆ ట్రాక్టరు డ్రైవరును ఎవరైనా అడిగి ఉంటే కదా చెప్పడానికి!

నాకు ఈ విషయం మొత్తం ఆ పెన్సిలు గుర్తు దగ్గరే అర్థమైంది. ఆ డ్రైవరుకు తెలిసినది ఇంజనీరుకు కావాలి. ఇంజనీరుకు వినే మనసుంది. ఇద్దరి మధ్యా ఉన్న అడ్డు, అప్పటికే పడిపోయిన ఒక సంతకం.

యూరప్ దేశాలు 1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ఒక ఒడంబడిక చేసుకున్నాయి. పర్యావరణ విషయాల్లో ప్రజలకు సమాచారం, భాగస్వామ్యం, న్యాయం అందించడం దాని ఉద్దేశం. అందులో ఆరో అధికరణంలో ఒక షరతు ఉంది. ప్రజల భాగస్వామ్యం తొలిదశలోనే ఉండాలి, అన్ని ప్రత్యామ్నాయాలూ ఇంకా తెరిచి ఉన్నప్పుడే ఉండాలి. పెద్ద రహదారులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నేను పైన చెప్పిన పెన్సిలు గుర్తుకు ఇంతకన్నా మంచి చట్టం భాష నాకు దొరకలేదు.

దీవి, వంతెన, కోర్టు

ఒక టోల్ మీద జనం ఎంత దూరం వెళ్తారో తెలియాలంటే స్కాట్లాండ్‌లోని స్కై దీవి గురించి చదవాలి. 1995 అక్టోబరులో అక్కడ ప్రైవేటు పెట్టుబడితో కట్టిన వంతెన తెరిచారు. ఆ దాటు దగ్గర అంతవరకూ నడిచిన ప్రధాన ఫెర్రీని ఆపేశారు. ఆ చివరనున్న ఊళ్ళవాళ్ళకు ఏడాది పొడుగునా రోజువారీ పనులకు దగ్గర దారి ఇంక వంతెన ఒక్కటే. దాని మీద టోల్ ఉంది. మొదటి రోజు నుంచే కొందరు డబ్బు కట్టడానికి నిరాకరించారు. రైతులు, టీచర్లు, పెద్దవయసువాళ్ళు. కేసులు పెట్టారు. వంద మందికి పైగా శిక్షలు పడ్డాయి. విచారణ కోసం వాళ్ళు అవతలి ఒడ్డునున్న డింగ్‌వాల్ పట్టణం దాకా వెళ్ళి రావాలి, ప్రతిసారీ అదే వంతెన దాటి. దాదాపు తొమ్మిదేళ్ళు ఇలాగే సాగింది. 2004 డిసెంబరు 21న ప్రభుత్వం 2.7 కోట్ల పౌండ్లు ఇచ్చి వంతెన కొనుక్కుని టోల్ ఎత్తేసింది.

ఆ దీవి జనం వంతెన వద్దనలేదు. చాలామంది కావాలనే కోరుకున్నారు. ఫెర్రీ ఉంటుందా పోతుందా, స్థానికులు ఎంత కట్టాలి, ఎన్నేళ్ళు కట్టాలి, ఇవీ వాళ్ళ ప్రశ్నలు. ఇవి ఒప్పందం రాసేటప్పుడు తేలాల్సిన ప్రశ్నలు. రాశాక తేల్చడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

స్థానికులకు పాసులు ఇస్తున్నాం కదా అని కొందరంటారు. మన దగ్గర 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనల్లో కూడా టోల్ ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ళ సొంత బండ్లకు నెలవారీ పాసు ఉంది. అది మంచిదే, తీసెయ్యమని అనను. కానీ పాసు అనేది ప్లాజా ఎక్కడ పెట్టాలో నిర్ణయం అయిపోయాక ఇచ్చే ఊరట. స్కూలుకూ ఇళ్ళకూ మధ్య ప్లాజా పెట్టి, రోజుకు నాలుగుసార్లు దాటే పిల్లల వ్యాను డ్రైవరుకు పాసు చేతిలో పెడితే సమస్య తీరినట్టు కాదు. ప్లాజాను మూడు కిలోమీటర్లు అవతలికి జరిపితే అతనికి పాసు అవసరమే ఉండదు.

ఇంతకీ స్థానికులంటే ఎవరు?

ఈ ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఇప్పటికీ నాకు పూర్తి జవాబు లేదు.

భూమి పోయేవాళ్ళు ఒకరు. భూమి పోకపోయినా, టోల్ తప్పించుకునే లారీలన్నీ తమ వీధిలోకి వచ్చేవాళ్ళు ఇంకొకరు. ఎక్కడో దూరంగా ఉంటూ రోజూ ఉద్యోగానికి ఆ దారినే వెళ్ళాల్సినవాళ్ళు మరొకరు. వీళ్ళ ముగ్గురికీ కావలసినవి ఒకటి కావు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 2006లో నగరంలోకి వచ్చే బండ్ల మీద రద్దీ రుసుము పెట్టినప్పుడు ఇది స్పష్టంగా బయటపడింది. ఏడు నెలలు ప్రయోగాత్మకంగా నడిపి, తర్వాత ఓటు పెట్టారు. ట్రాఫిక్ 20 శాతం దాకా తగ్గిందని చూసిన నగరవాసుల్లో సగానికి కాస్త ఎక్కువమంది అవునన్నారు. చుట్టుపక్కల 14 మునిసిపాలిటీలు సొంతంగా ఓటింగ్ పెట్టుకుంటే మొత్తం మీద కాదన్నవాళ్ళే ఎక్కువ. పొగ పీల్చేవాళ్ళు ఒకలా, డబ్బు కట్టేవాళ్ళు ఒకలా చెప్పారు. ఎవరు స్థానికులు? ఇద్దరూ.

అయినా ఆ ఊరు నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ప్రయోగానికి ముందు నగరంలో కూడా ఎక్కువమంది వద్దనే అన్నారు. చూశాక మనసు మార్చుకున్నారు. జనం మొండిగా ఉంటారు, ఏం చెప్పినా వినరు అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కళ్ళకు కనపడే ఆధారం ఉంటే జనం వింటారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సభ పెట్టగానే వచ్చేది ఎవరు? నేను వెళ్ళిన సభ పనిరోజు ఉదయం పదకొండింటికి పెట్టారు. ముందు వరసల నిండా భూములున్న పెద్దమనుషులు. కౌలుకు చేసేవాళ్ళు, కూలికి వెళ్ళేవాళ్ళు దాదాపు లేరు. ఆడవాళ్ళు ఐదారుగురు. మైకు అందిన కొద్దిమందే గంటసేపు మాట్లాడారు. మ్యాపు ముందు నిలబడిన ఆవిడ మైకు దాకా రానేలేదు. కాబట్టి సభ పెడితే చాలు ప్రజల మాట విన్నట్టేనని నేను నమ్మను. సాయంత్రం పూట, ఊరూరా, ఇళ్ళూ బావులూ కనపడే పెద్ద స్కేలు మ్యాపులతో వెళ్ళాలి. సర్వే నంబర్లు చదివి వినిపించే మనిషి ఒకరు ఉండాలి. ఇది ఖర్చుతో కూడిన పనే, కానీ మొత్తం రోడ్డు ఖర్చులో ఎంతని?

ఆలస్యం అవుతుంది కదా

నా స్నేహితుడు ఒకతను రోడ్ల పనుల్లోనే ఉన్నాడు. ఇదంతా చెబితే, "అందరినీ అడుగుతూ కూర్చుంటే ఒక్క రోడ్డూ పడదు. పైగా గీత ముందే బయటపెడితే బ్రోకర్లు వచ్చి వాలతారు" అన్నాడు. రెండూ తేలిగ్గా తీసేసే మాటలు కావు.

రెండోదానికి నా జవాబు సూటిగా ఉంటుంది. గీత ముందే తెలిసినవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. దాచడం వల్ల తెలియకుండా పోయేది భూమి ఉన్న మనిషికే. అతను పాత రేటుకు అమ్ముకున్న ఏడాదికి సర్వే రాళ్ళు పడతాయి.

మొదటిదానికి టెక్సస్ సంగతి చెప్పాను. 2002లో అక్కడి గవర్నరు రిక్ పెర్రీ ట్రాన్స్-టెక్సస్ కారిడార్ అని ప్రకటించాడు. 4,000 మైళ్ళ టోల్ రోడ్లు, రైలు మార్గాలు, పైపులైన్లు కలిపి, చోటును బట్టి 1,200 అడుగుల వెడల్పు దాకా. మొదటి కారిడార్ కోసం 2005 మార్చిలో ఒక ప్రైవేటు కంపెనీల కూటమితో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులోని డబ్బు లెక్కలు ఏడాదికి పైగా బయటపెట్టలేదు. బహిరంగ విచారణలు ఆ తర్వాత, 2006లో. ఊరూరా జనం పోటెత్తారు. 2007లో హాలండ్, బార్ట్‌లెట్, లిటిల్ రివర్-అకాడమీ, రోజర్స్ అనే నాలుగు చిన్న ఊళ్ళు ఒక పాత రాష్ట్ర చట్టాన్ని వెతికి పట్టుకున్నాయి. స్థానిక ప్రభుత్వాలు కలిసి ప్రణాళికా సంఘం పెట్టుకుంటే రాష్ట్ర శాఖలు దానితో సమన్వయం చేసుకోవాలని ఆ చట్టం. ఆ నాలుగు ఊళ్ళూ సంఘం పెట్టి రవాణా శాఖను తమ బల్ల దగ్గరికి రప్పించాయి. 2009లో రాష్ట్రం ఆ పథకాన్ని వదిలేసింది, 2011లో చట్టం నుంచే తీసేసింది. తొమ్మిదేళ్ళు పోయాయి. ఇక్కడ ఆలస్యం దేనివల్ల అయింది, అడగడం వల్లా, ముందు అడగకపోవడం వల్లా?

నా స్నేహితుడు ఊరుకోలేదు. ఫ్రాన్స్ చూపించాడు. పెద్ద ప్రాజెక్టుల మీద ముందే బహిరంగ చర్చ జరపడానికి 1995లోనే చట్టం చేసి, జాతీయ కమిషన్ పెట్టిన దేశం అది. తుళూజ్, కాస్త్ర్ పట్టణాలను కలిపే ఏ69 టోల్ రోడ్డు మీద 2009-10లోనే చర్చ పెట్టారు. అయినా ఏళ్ళ తరబడి గొడవలు. 2025 ఫిబ్రవరిలో కోర్టు అనుమతి రద్దు చేసి పనులు ఆపింది, మేలో అప్పీలు కోర్టు మళ్ళీ సాగనిచ్చింది. "ముందే అడిగారు కదా, ఏం లాభం?" అన్నాడు.

ఇది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ఉదాహరణ. మరికాస్త చదివాక ఒక విషయం కనపడింది. ఆ దారిలో స్యువాల్, ప్యుయ్‌లోరాన్స్ ఊళ్ళకు అప్పటికే టోల్ లేని బైపాస్‌లు ఉండేవి. కొత్త పథకంలో అవి టోల్ రోడ్డులో కలిసిపోతాయి. టోల్ లేకుండా ఉన్న రోడ్డునే మెరుగుపరచమని చాలామంది ఆ చర్చలోనే అడిగారు. ప్రభుత్వం టోల్ వైపే వెళ్ళింది. అడగడం వేరు, విన్నది నిర్ణయంలో కనపడటం వేరు. అందుకే నా మాటకు ఒకటి చేర్చుకున్నాను. ముందే అడగాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ, ఒప్పుకున్నారా లేదా, లేకపోతే ఎందుకు లేదు అనేది రాతపూర్వకంగా చెప్పాలి. ఆ జవాబులు బయటికొచ్చేదాకా టెండరు పిలవకూడదు. ఇలా చేసినా కొందరు కోర్టుకు వెళ్తారని నాకు తెలుసు. వెళ్ళనివ్వండి, అది వాళ్ళ హక్కు.

నేను రాసిచ్చిన కాగితం

సభ అయిపోయే ముందు అభ్యంతరాలు రాసిమ్మన్నారు. నేను ఒక పేజీ రాశాను. ఒప్పందంలో పాత రోడ్డును బాగుచేయకూడదని, వెడల్పు చేయకూడదని ఎక్కడైనా ఉందా? సర్వీసు రోడ్డు మధ్యలో ఎక్కడా తెగకుండా ఉంటుందా? ప్లాజాకు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారు, ఇంకే చోట్లు చూశారు? రోజుకు ఎన్ని బండ్లు వస్తాయని లెక్కేశారు, అన్ని రాకపోతే నష్టం ఎవరు భరిస్తారు? వానాకాలంలో పల్లం అండర్‌పాస్ సంగతేంటి?

రాస్తుంటే మ్యాపు ముందు నిలబడిన ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "నాది కూడా రాసిపెట్టమ్మా, నాకు కళ్ళజోడు లేదు" అంది. ఏం రాయమంటారని అడిగాను. ఇంటి నంబరు, పొలం సర్వే నంబరు చెప్పింది. "గీత ఏ పక్కన పోతుందో చెప్పమని రాయి. బావి పోతే మళ్ళీ తవ్విస్తారా అని రాయి." రాశాను. చదివి వినిపించాను. వేలిముద్ర వేస్తారేమోనని ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాడు గుమాస్తా. ఆవిడ పక్కకు నెట్టేసి, పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ సంతకం చేసింది. గుమాస్తా రెండు కాగితాల మీదా తేదీ ముద్ర వేసి, కాపీలు మా చేతికిచ్చాడు. ఆవిడ తన కాపీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.